రెండు వరసల ఫోము, ఒక కొబ్బరికాయ

తెరవకముందే షాపు మూతపడేటట్టు ఎట్ల చెయ్యాల్నో ఎవరికన్న నేర్చుకోవాలనుంటే నా దగ్గరికి రాండ్రి. నవ్వుతున్నరా? నవ్వుండ్రి. మా సుజాతక్క మాత్రం ఇప్పటికీ నవ్వదు.

హుస్సేనీ ఆలంల బ్యూటీ పార్లర్ పెడ్తనంటే అక్కకు వాళ్లత్తమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "ఓపెనింగ్ నాడు అపశకునమైతే తాళమేసి ఇంట్ల కూసోవాలె." అసుంటప్పుడు ఫ్లోరింగ్ పని నాకు అప్పజెప్పింది, పిచ్చిది!

చెక్కలెక్క కనబడే వినైల్ పలకలు తెచ్చినం. పరిచే రఫీక్ భాయ్ అన్నడు, "పార్లర్ కుర్చీలు మస్తు బరువుంటయ్. గమ్ముతోని అతికిద్దాం. రేపటిదాక ఆరాలె."

"రేపటిదాకనా! ఇంకో తీరు లేదా?"

"ఉంది. కింద ఫోమ్ పరిచి, పలక అంచుకు పలక అంచు ఇరికిచ్చి లాక్ చేసుడే. కానీ భాయ్..."

నాకు వినే ఓపికేడిది? ఛాయ్ చల్లారేదాక ఆగలేక రోజూ నాలుక కాల్చుకునే మనిషిని. "లాకే చెయ్! ఫోమ్ రెండు వరసలెయ్, మెత్తగుంటది!"

"పూజకింకా టైముంది గదరా, ఏంది నీ లొల్లి?" అన్నది అక్క.

"ఫికర్ చెయ్యకక్కా, నేనున్న గదా!"

పూజ నాడు అత్తమ్మ చూస్తుండంగ అక్క దీపం ముట్టించి, కొబ్బరికాయ నా చేతికిచ్చి, "ఆగు, రాయి తెస్త" అన్నది.

"గింత మంచి ఫ్లోరుండంగ రాయెందుకు!" అని ఎత్తి కొట్టిన.

పలగలే. ఎగిరింది! మల్ల కొట్టిన. మల్ల ఎగిరి, అత్తమ్మ కాళ్లకాడికి దొర్లింది. ఆమె మొఖం నల్లబడ్డది, అక్క కండ్లల్ల నీళ్లు. పాణం పెట్టి మూడోపారి కొట్టిన. ఫట్టుమన్నది!

"పలిగింది!" అని ఒర్రిన.

పలిగింది కాయ గాదు, పలక లాకు. చుట్టున్న పలకలు గూడ లేసి నిలబడ్డయ్. అక్క తాళంచెవి తీసింది.

"ఇటు తే," అని అత్తమ్మ కాయ గుంజుకొని బయటికి పోయింది. మెట్టు మీద ఒక్కటే దెబ్బ. రెండు చెక్కలు, లోపల పువ్వు!

"చూసినవా సుజాతా? దోషం షాపుల లేదు, నీ తమ్మునిల ఉంది. గమ్ముతోని అతికియ్యుమను. ఆరేదాక ఈన్ని మెట్టు మీంచి లేవనియ్యకు."

తెల్లారి రఫీక్ భాయ్ గమ్ము పూసి, పలకలు పెట్టేముందు కొంచెం ఆరనియ్యాలన్నడు. మెట్టు మీద కూసొని, ఇగ ఈ జన్మల దేనికీ తొందరపడనని దేవుని మీద ఒట్టేసిన. ఒట్టేసి, ఆరిందా లేదా అని గమ్ముల ఒక్క వేలు పెట్టి చూసిన. అతుక్కుపోయిన ఆ వేలు ఊడొచ్చేదాక మాత్రం ఒట్టు తప్పలే.