బాప్తిస్మ రిజిస్టరులో నాలుగు పేర్లు

నర్సీపట్నంలో నేను కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పాత కాగితాలు, బొమ్మలు, బట్టలు పాడైపోకుండా కాపాడే శాస్త్రం చెప్పడం మాత్రం ఈ మధ్యనే నా మీద పడింది. యూనివర్సిటీ వాళ్లు డిగ్రీ పిల్లలు ఇష్టమైతే తీసుకోవచ్చంటూ కొన్ని పేపర్ల జాబితా పంపారు. అందులో ఇదొకటి. ఉద్యోగంలో చేరకముందు నేనొక మ్యూజియం ల్యాబులో కొన్ని నెలలు శిక్షణ తీసుకున్నానని ఎవరో ప్రిన్సిపాల్ గారికి చెప్పారు. "మీకు వచ్చు కదండీ, మీరే చూసుకోండి" అన్నారాయన. వద్దనడానికి కూడా ఓపిక కావాలి. ఆ రోజు నాకు అది లేదు.

పదకొండు మంది చేరారు. వాళ్లలో చాలామంది ఆ పేపరు మీద ఇష్టంతో రాలేదని నాకు తెలుసు. మిగతా పేపర్ల క్లాసులు సాయంత్రం ఆఖరి గంటలో పడ్డాయి. నాది భోజనాల తర్వాత. దూరపు ఊళ్ల పిల్లలకు బస్సు అందుతుంది. మాకు వేరే గది ఇవ్వలేదు. కెమిస్ట్రీ ల్యాబు చివర కిటికీ పక్కన రెండు బల్లలు ఇచ్చారు. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి. ఆపితే మా చెమట వాటి మీద పడుతుంది. పొద్దుటి క్లాసులు, ప్రాక్టికల్స్, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, మార్కులు కంప్యూటర్లోకి ఎక్కించడం అయ్యాక ఆ బల్లల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబుద్ధి అయ్యేది కాదు.

మొదటి నెలంతా ఇళ్లలోంచి తెచ్చిన పాత శుభలేఖలూ, చిరిగిన నోటు పుస్తకాలూ బాగుచేశాం. మైదా జిగురు ఉడకబెట్టడం, పల్చటి జపాను కాగితంతో చిరుగులు అతకడం, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపడం నేర్పాను. కొండల్లోని కొయ్యూరు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. అతుక్కున్న పేజీలు విడదియ్యడానికి నేను ఇచ్చిన స్టీలు రేకు ఆమెకు నచ్చలేదు. సోమవారం వస్తూ ఇంటి దగ్గర వెదురుతో చెక్కిన సన్నటి పుల్ల ఒకటి తెచ్చింది. నా రేకు కంటే అదే బాగా పనిచేసింది.

ఒకరోజు ఇంకో అమ్మాయి, నర్సీపట్నానికి దగ్గరలోనే ఒక పల్లెటూరి పిల్ల, తమ చర్చి పాస్టరు గారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చేతిలో రెక్సిన్ సంచి. అందులో సంఘం బాప్తిస్మ రిజిస్టరు. చర్చి పైకప్పు కారి బీరువాలోకి నీళ్లు దిగాయట. పుస్తకం పై సగం తడిసి, ఆరి, పేజీలు ఒకదానికొకటి పట్టేశాయి. కింది సగం పొడిగానే ఉంది.

"ఇది నాది కాదండి, సంఘానిది. పెద్దలు ఒప్పుకోలేదు. ఈ పిల్ల మాట మీద తెచ్చేను. జాగర్తండి" అన్నారు పాస్టరు గారు.

"జాగ్రత్తగానే చేస్తామండీ" అన్నాను.

నిజంగా జాగ్రత్తగానే చేశాం, చాలా రోజులు. ప్రతి పేజీకీ ఒక షీటు రాయించాను. ఎక్కడ చిరిగింది, ఏ సిరాతో రాశారు, తడి దూది పుల్ల ఆనిస్తే సిరా కదిలిందా లేదా, అన్నీ అందులో ఉండాలి. విడిపోయిన పేజీకి వెంటనే ఫోటో తీసేవాళ్లం. పిల్లలకు ఆ పని మీద ఇష్టం పుట్టింది. బస్సు పోతుందని గడియారం చూసుకునేవాళ్లు కూడా కాస్త ఆగేవాళ్లు. చాలా ఏళ్లకి మళ్లీ నాకు కూడా ఒక క్లాసుకి వెళ్లబుద్ధి అయింది.

పరీక్షల రోజులు వచ్చాయి. ఆ పొద్దున మూడు గంటలు పరీక్ష హాల్లో నిలబడ్డాను. ఆ తర్వాత ఏదో లిస్టులో తప్పు పడిందని ఆఫీసులో కూర్చోబెట్టారు. భోజనం చెయ్యలేదు. ల్యాబుకి వచ్చేసరికి తల పగిలిపోతోంది. పిల్లలు అప్పటికే రెండు పేజీలు బల్ల మీద పెట్టి ఉంచారు. పై సగం గట్టిగా అతుక్కుంది. తడి అద్దుడు కాగితం పైన పరిచి కాసేపు ఉంచితే, తేమకు మెత్తబడి విడిపోతాయి. కింది అంచు దగ్గర పేజీలు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. అక్కడ కనిపించిన సిరా అక్షరం మీద దూది పుల్ల ఆనించాం. కదల్లేదు.

కొయ్యూరు అమ్మాయి వంగి ఆ సందులోకి చూసింది.

"మేడమ్, అడుగున నాలుగు లైన్లు పెన్సిలు లాగున్నాయి. వాటిక్కూడా టెస్టు సేద్దామా?"

"పెన్సిలు నీళ్లకి కదలదమ్మా. బేగి కానివ్వండి, టైమైపోతోంది" అన్నాను.

తడిపిన అద్దుడు కాగితాన్ని పై సగానికి సరిపడా కత్తిరించాలి. మిగతా రోజుల్లో అలాగే చేయించాను. ఆ రోజు కత్తిరించే ఓపిక లేక మొత్తం కాగితాన్నే పేజీ అంతటి మీద పరిచేశాను. పైన గాజుపలక, బరువు పెట్టాను. ఇంతలో ఆఫీసు నుంచి మళ్లీ కబురు. సంతకం పెట్టి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

నేను వచ్చేటప్పటికి అందరూ బల్ల మీదికి వంగి ఉన్నారు. బరువు తీసి పక్కన పెట్టేశారు. అద్దుడు కాగితం కింది భాగమంతా ఊదారంగు.

ఒకప్పుడు ఆఫీసుల్లో ఒక రకం పెన్సిలు వాడేవారు. అందులో గ్రాఫైటుతో పాటు రంగు కలుపుతారు. పొడిగా ఉన్నంత కాలం ఆ రాత మామూలు పెన్సిలు రాతలాగే బూడిదరంగులో ఉంటుంది. తేమ తగిలితే ఊదారంగై పాకిపోతుంది. ఇది నాకు తెలియనిది కాదు. శిక్షణలో చేరిన మొదటి వారంలోనే మా గురువు గారు ఒక పాత రసీదు మీద నీటిచుక్క వేసి చూపించారు. అది నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఒక్క ఆ మధ్యాహ్నం గుర్తు రాలేదు.

పొడి కాగితాలు మార్చి మార్చి అద్దాం. పేజీలు విడిపోయాయి కూడా. సిరాతో రాసిన పేర్లన్నీ అలాగే ఉన్నాయి. అడుగున పెన్సిలు పేర్లు మూడు పూర్తిగా పోయాయి. నాలుగోదానిలో మొదటి రెండక్షరాలు మిగిలాయి. పేజీలు తెరుచుకోలేదు కనక అంతకుముందు ఫోటో తియ్యలేదు.

పిల్లల్లో ఒకతను నెమ్మదిగా అన్నాడు. "వాన నీళ్లకే అలగైపోనాదని సెప్పీవచ్చు మేడమ్. ఆళ్లకేటి తెలస్తాది."

నేను వెంటనే కాదనలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కనీసం ఒక నిమిషం ఆ మాటని మనసులో అటూ ఇటూ తిప్పి చూశాను. ఎలా చెబితే నమ్ముతారో కూడా ఆలోచించాను. చర్చి ఊరి అమ్మాయి నా మొహం చూడడం లేదు. పుస్తకాన్నే చూస్తోంది. ఆమె అడిగి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్నేమో. ఆమె అడగలేదు.

షీటు తెమ్మన్నాను. నా చేత్తోనే రాశాను. పెన్సిలు రాతను పరీక్షించకుండా, విద్యార్థిని ఒకరు హెచ్చరించినా వినకుండా తేమ పెట్టడం వల్ల నాలుగు పేర్లు చెడిపోయాయి, ఇది ముందు నుంచీ ఉన్న నష్టం కాదు, బాగుచేసేటప్పుడు జరిగింది. కింద సంతకం పెట్టాను. పిల్లలందరినీ చదవమన్నాను. కొయ్యూరు అమ్మాయి చదివి, "నాను హెచ్చరించలేదు మేడమ్, అడిగేనంతే" అంది. 'హెచ్చరించినా' అన్నది కొట్టేసి 'అడిగినా' అని దిద్దాను.

ఆదివారం ఆరాధన అయ్యే వేళకి కొయ్యూరు అమ్మాయినీ, చర్చి ఊరి అమ్మాయినీ తీసుకుని ఆటోలో ఆ ఊరు వెళ్లాను. చర్చిలో చాపలు చుడుతున్నారు. పాస్టరు గారు, సంఘ పెద్ద, మరో నలుగురు కూర్చున్నారు. సంఘ పెద్ద లారీ నడిపి మానేసిన మనిషి. ఆయన ముందు పుస్తకం తెరిచి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన ఊదా మరక అంచు వెంట వేలు పోనిచ్చాడు. "బాగు సేస్తారని ఇచ్చేమండి" అన్నాడు. గొంతు పెంచలేదు. "మా బీరువాలో ఉంటే ఇంకో పదేళ్లు అలగే ఉండీది. తెలిసినోళ్లని మీకిచ్చేం."

"మీరన్నది నిజమేనండీ" అన్నాను.

చర్చి ఊరి అమ్మాయి వాళ్ల మామ్మ గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. పేజీలో పైనున్న పేర్లు చదవమంది. మనవరాలు ఒక్కొక్కటీ చదివింది. సిరాతో ఉన్న ఏడు పేర్లూ అయ్యాక ముసలామె చెయ్యెత్తింది.

"ఆ తరవాత మేమే. నలుగురం బాప్తిస్మానికి కాలవలోకి దిగేం. అప్పటి పాస్టరయ్యగారి సిరాబుడ్డి బండిలో ఒలికిపోనాది. జేబులో పెన్సిలుంటే దాంతో రాసీసేరు. ఆకరిది నాదే. పన్నెండేళ్ల పిల్లని."

మిగిలిన ఆ రెండక్షరాలూ ఆమె పేరులోవే. నాలుగింటిలో మొదటి పేరు ఆమె అక్కది. రెండోది వాళ్ల వీధిలో కుండలు చేసే ఒకాయనది. ఇద్దరి పేర్లూ ఊరి పేర్లతో సహా చెప్పింది. మూడో మనిషి దగ్గర ఆగిపోయింది.

"కొండ మీంచొచ్చినోడు. అయ్యగారి సామాన్లు మోసుకొచ్చి, ఆడు కూడా దిగేడు. తరవాత మళ్లీ ఎప్పుడూ అగుపించలేదు. మొకం తెలస్తంది. తలకి గుడ్డ సుట్టుకున్నాడు. అయ్యగారు కొత్త పేరు పెట్టేరు. ఏటి పేరో..."

అందరం ఎదురు చూశాం. ఆమెకు గుర్తు రాలేదు. ఆ మనిషికి ఆ కొత్త పేరు ఆ పేజీలో తప్ప ఇంకెక్కడా ఉండి ఉండదు. కొయ్యూరు అమ్మాయి తల దించుకుని చాప అంచు చూస్తోంది. తన ఊరి వైపు మనిషేనేమో అనుకుని ఉంటుంది. నేను అడగలేదు.

సంఘ పెద్ద పెన్ను తీసి ఆ పేర్లు పేజీలోనే రాసేద్దామన్నాడు. నేను వద్దన్నాను. వేరే కాగితం మీద రాసి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా రాసి, పేజీ పక్కన పెట్టాలన్నాను. "ఇంకా మీ రూల్సేనా" అన్నాడాయన. ముసలామె మాత్రం, "అలగే రాయండి. నాను సెప్పేనని రాయండి" అంది. మనవరాలు రాసింది. మామ్మ వేలిముద్ర వేసింది. మూడో వరసలో, కొండ మీంచి వచ్చినాయన, తలకు గుడ్డ, అని మాత్రమే ఉంది.

రిజిస్టరు మాకు తిరిగి ఇవ్వలేదు. వాళ్లది తప్పు కాదు. నాలుగు వారాల తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ఇద్దరు పిల్లలూ ఆదివారాలు చర్చిలోనే కూర్చుని మిగతా పేజీలు విడదీస్తున్నారు. సంఘ పెద్ద పక్కనే కుర్చీ వేసుకుని చూస్తాడట. నన్ను రమ్మని పిల్లలు అడిగారు. వస్తానన్నాను, వెళ్లలేదు. వెళితే నాకు ఇష్టమైన పని ఎదురుగా ఉంటుంది, ముట్టుకునే మొహం ఉండదు. ఆదివారాలు నిద్రపోయాను.

ఆ బ్యాచి వెళ్లిపోయింది. మరుసటి ఏడు ఆరుగురే చేరారని పేపరు ఎత్తేశారు. ఈ ఏడు మళ్లీ పెట్టారు. తొమ్మిది మంది. మొదటి రోజు సిలబస్ జోలికి పోకుండా, నేను రాసిన ఆ షీటు జెరాక్సు తలా ఒకటి ఇచ్చి చదవమన్నాను. చదివాక ముందు బెంచీలో ఉన్న అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, మీరు తప్పు సేసిన కాయితం మాకెందుకు ఇచ్చేరు?"

మంచి జవాబు ఉండే ఉంటుంది. పొద్దుట్నుంచి మూడు క్లాసులు చెప్పి ఉన్నాను, నాకది తోచలేదు. కూర్చోమని, తడి తగిలితే కదిలే రంగులేవో, కదలనివేవో బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను.