మడమలకు పసుపు

మాఘం దాటిందంటే నిజామాబాద్ గాలిలో పసుపు వాసన మొదలవుతుంది. మార్కెట్ యార్డులో బస్తాలు విప్పి కొమ్ములు కుప్పలు పోస్తుంటే, ఆ దుమ్ము రోడ్డు దాటి, ప్రహరీ దాటి మా ఆసుపత్రి కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. నర్సులు తుమ్ముతూ తలుపులు మూస్తారు. రోగుల వెంట వచ్చిన రైతులు మాత్రం గట్టిగా ఒకసారి పీల్చి, ఈసారి ధర ఎట్లుందో అని మాటల్లో పడతారు. పసుపు అనగానే అందరికీ పెళ్ళో, పండగో గుర్తొస్తుంది. నాకు మాత్రం గుర్తొచ్చేది వేరు. జర్మనీలో కాసెల్ అనే ఊళ్ళో ఒక ముసలావిడ మంచం, తెల్లటి దుప్పటి, దాని మీద పచ్చటి మరక కళ్ళ ముందుకు వస్తాయి. వాటి వెనకే స్వరూపక్క వస్తుంది. ఆమె గురించి నేను ఇదివరకు ఎక్కడా చెప్పలేదు. చెబితే నా తప్పు కూడా చెప్పాలి గనుక.

మాది బోధన్ దగ్గర చెరుకు వేసే పల్లె. ఇంటర్ అయ్యాక నర్సింగ్ చదువుకని జర్మనీ వెళ్ళాను. అక్కడ ఆ చదువు మూడేళ్ళు; కొన్ని వారాలు బడిలో, కొన్ని వారాలు ఆసుపత్రిలో. నిజామాబాద్‌లో ఏడాదికి పైగా ఆ భాష నేర్చుకుని, ఇక నాకు వచ్చేసిందన్న ధీమాతో దిగాను. మొదటి రోజే ట్రామ్‌లో టికెట్ అడిగినాయన మాట ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆదివారం దుకాణాలు తెరవరని తెలియక, మొదటి ఆదివారమంతా విమానంలో ఇచ్చిన బిస్కెట్లతో గడిపాను. హాస్టల్ వంటింట్లో పప్పుకు పోపు పెడితే పొగ గంట మోగి, ఐదంతస్తుల వాళ్ళూ చలిలో కిందికి దిగి వణుకుతూ నిలబడ్డారు. అందరూ ఏమైందని ఒకరినొకరు అడుగుతుంటే నేనూ వాళ్ళలో కలిసి ఏమైందని అడిగాను. తప్పు చేస్తే తప్పుకోవడం అప్పటికి నాకున్న తెలివి. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడేది. అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్ చేస్తే, ఇక్కడ అంతా బాగుందని చెప్పి, పెట్టేశాక ఏడ్చేదాన్ని.

స్వరూపక్క ముసలివాళ్ళ వార్డులో నర్సు. విద్యార్థులకు పని నేర్పే బాధ్యత కూడా ఆమెదే. జక్రాన్‌పల్లి దగ్గర పసుపు పండించే ఇంట్లో పుట్టి, నర్సింగ్ చదివి, ఏడేళ్ళు మస్కట్‌లో పనిచేసి అక్కడికి వచ్చింది. పొట్టి మనిషి. నడక మాత్రం ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతున్నట్టు ఉండేది. ఆమెది మా జిల్లానే అని తెలియగానే నేను ఆగలేకపోయాను. రోగి మంచం పక్కనే నిలబడి, "అక్కా, మీదే ఊరు?" అన్నాను. ఆమె నన్నెన్నడూ ఎరగనట్టు చూసి, ఈవిడ దిండు సరిచేయమని జర్మన్‌లో చెప్పింది. నా ముఖం మాడిపోయింది. పరాయి దేశం పోతే మనవాళ్ళు మనవాళ్ళు కారని అవ్వ అన్న మాట నిజమే అనుకున్నాను. బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి తలుపు వేశాక గానీ ఆమె నోట తెలుగు రాలేదు.

"మనసుల పెట్టుకోకు పిల్లా. మంచంల పన్న మనిషి ముంగట ఆమెకు తెల్వని భాష మాట్లాడితె, తన గురించే ఏదో అనుకుంటున్నరని బుగులు పడ్తది. గీడ ఎంతన్న మాట్లాడుకుందాం. గాడ మాత్రం ఆమె భాషే."

ఆమె నేర్పినవన్నీ అలాంటివే. పుస్తకంలోనూ ఉండేవి, కానీ పుస్తకంలో చదివితే నాకు ఎక్కలేదు. గదిలోకి పోయేముందు తలుపు తట్టాలి, రోగికి స్పృహ లేకపోయినా సరే. పేరు చెప్పాలి. ఏం చేయబోతున్నామో చెప్పాకే చేయి వేయాలి. చేతులు చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళ కింద పెట్టుకుని రావాలి. నేను మరిచిపోతే అందరి ముందూ ఏమీ అనేది కాదు. నన్ను మళ్ళీ తలుపు బయటికి పంపి, మొదటినుంచి చేయించేది. ఒకసారి అలా నాలుగుసార్లు బయటికి పోయి వచ్చాను. లోపలున్న ముసలాయన ప్రతిసారీ నవ్వుతూ "రండి" అనేవాడు. ఆ రోజు అక్క మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆదివారం అదే అక్క తన గదికి పిలిచి, ఊరినుంచి పెట్టెలో తెచ్చుకున్న జొన్నపిండితో రొట్టె తట్టి పెట్టేది. ఆ పూట మాటలన్నీ మన మాటలే. తింటున్నంతసేపు నా కోపం ఎక్కడికి పోయేదో నాకే తెలియదు.

రెండో ఏడు చలికాలంలో మా వార్డుకు ఫ్రౌ బ్రాంట్ వచ్చింది. ఫ్రౌ అంటే అక్కడ ఆడవాళ్ళ పేరుకు ముందు పెట్టే గౌరవం. ఎనభై దాటిన రైతు మనిషి. వాళ్ళ పొలంలో చక్కెర దుంప వేసేవారట. మా ఇంట్లో చెరుకు వేస్తామని చెబితే, పైకి పెరిగే దానిలోంచి చక్కెర ఎలా తీస్తారని చాలాసేపు అడిగింది. ఆమె మంచుపట్టిన నేలలోంచి దుంపలు పీకిన కథ చెబితే, నేను చెరుకు ఆకు గీసుకుపోయిన మా అవ్వ చేతుల గురించి చెప్పాను. ఆ దేశంలో అడుగుపెట్టాక నా గురించి కాకుండా మా పొలం గురించి అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు ఆమె అంటే ఇష్టం పుట్టింది. చేసిన తప్పు ఆ ఇష్టంతోనే చేశాను.

ఒక సాయంత్రం ఆమెకు మేజోళ్ళు మారుస్తుంటే మడమలు చూశాను. నెర్రెలు బారి, ఒకచోట కొద్దిగా నెత్తురు కూడా ఉంది. అచ్చం మా అవ్వ మడమలు. అవ్వ పెట్టెలో కట్టిచ్చిన ఇంటి పసుపు నా దగ్గర ఉండనే ఉంది. మర్నాడు దాన్ని కొబ్బరినూనెలో కలిపి చిన్న డబ్బాలో తీసుకుపోయి, రెండు మడమలకూ పట్టించి మేజోళ్ళు తొడిగాను. ఎవరినీ అడగలేదు. కాగితం మీద రాయలేదు. మా ఇళ్ళల్లో పసుపు రాయడానికి ఎవరి అనుమతి అడుగుతారు? ఆమెకు చక్కెర జబ్బు ఉందని నాకు తెలుసు. అలాంటివాళ్ళ పాదాలు ఎంత జాగ్రత్తగా చూడాలో నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పూట అదేమీ గుర్తు రాలేదు. ఫ్రౌ బ్రాంట్ హాయిగా కళ్ళు మూసుకుంది.

మర్నాడు ఉదయం డ్యూటీకి వచ్చేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంది. రాత్రి కాలు మండుతోందంటే మేజోడు తీసి చూశారట. చర్మం ఎర్రగా వాచింది, మేజోడూ దుప్పటీ పచ్చగా తడిసి ఉన్నాయి. గాయం చీము పట్టిందని డాక్టరమ్మ అనుమానించి, దారాల్లాంటి ఆ నరాల్లోంచి రెండుసార్లు నెత్తురు తీయించింది. అంటుకునే జబ్బేమోనని ఆమెను విడిగా ఒక గదిలో పెట్టారు. లోపలికి పోయేవాళ్ళు గౌనూ మాస్కూ వేసుకుని పోతున్నారు. మధ్యాహ్నం నుంచి చీము తగ్గే గట్టి మందులు మొదలుపెడతారట. తలుపు అద్దంలోంచి చూస్తే ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

నాకు మింగలేక కక్కలేక అన్నట్టయింది. చెబితే నన్ను పంపేస్తారు. చదువు పోతుంది, వీసా పోతుంది. మా ఊళ్ళో ఆడపిల్లను ఒంటరిగా అంతదూరం పంపినందుకు బాపును అన్నవాళ్ళందరి మాటా నిజమవుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. స్వరూపక్కను బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కుపోయి అంతా చెప్పాను. ఆమె వెంటనే కాలు కడిగించి, ఏదో ఒకటి చెప్పి సర్దేస్తుందని నా ఆశ. మనోళ్ళం కదక్కా, ఎట్లన్న చేసి దాచిపెట్టు అని చేతులు పట్టుకున్నాను.

ఆమె చేతులు విడిపించుకోలేదు.

"నువ్వు మనపిల్లవే. కాదంటలేను. మరి గామె ఎవ్వరి మనిషి?"

ఆమె నన్ను తలుపు వైపు తిప్పింది.

"నేను చెప్పను. నువ్వే చెప్తవ్. నీ పక్కకు నేనుంట. ఏం చేసినవో గది చెప్పు. ఎందుకు చేసినవో వాళ్ళడిగినప్పుడు చెప్పు. ముందుగాల్నే ఎందుకన్నది చెప్తె సాకు అయితది."

వార్డు పెద్దావిడ గదిలో డాక్టరమ్మ కూడా ఉంది. నిన్న సాయంత్రం ఏడింటికి ఫ్రౌ బ్రాంట్ మడమలకు నూనెలో కలిపిన పసుపు రాశాను, ఎవరినీ అడగలేదు, రాసిపెట్టలేదు అని చెప్పాను. అంత తప్పుల్లేని జర్మన్ అంతకుముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మందులు ఆపమని చెప్పడానికి పరిగెత్తింది. వార్డు పెద్దావిడ ఎందుకు చేశావని అడిగింది. అప్పుడు నాకు ఏడుపొచ్చి, మా అవ్వ మడమలు అని మాత్రం అనగలిగాను.

అది అంటుకునే జబ్బు కాదు, పసుపు పడక వచ్చిన వాపని తేలాక, ఫ్రౌ బ్రాంట్‌ను మళ్ళీ పాత మంచానికి తీసుకొచ్చారు. క్షమించమని అడగడానికి వెళితే, ఆమె నా చెవి దగ్గరికి వంగమని సైగ చేసింది. "నేను ఎవరికీ చెప్పలేదు. నిన్ను పంపేస్తారేమోనని," అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను కోస్తుంది. ఆమెకు అన్నీ గుర్తున్నాయి. పచ్చదనం ఏమిటో ఆమె ఒక్క ముక్క చెబితే సూదులూ ఉండేవి కావు, ఒంటరి గదీ ఉండేది కాదు. ఏమీ కాని నన్ను కాపాడడానికి ఆమె నోరు మూసుకుంది. నన్ను నేను కాపాడుకోవడానికి నేను ఆమెను ఆ గదిలోనే వదిలేయబోయాను. ఆ రోజు సిగ్గు అంటే ఏమిటో నాకు తెలిసింది.

నన్ను ఉంచాలా పంపాలా అని తేల్చడానికి వాళ్ళకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ బడికి పోయాను, ట్రామ్ ఎక్కాను, బట్టలు ఉతుక్కున్నాను. ఏ పని చేస్తున్నా పెట్టె సర్దుకోవడమే కళ్ళ ముందుండేది. నడుమ అవ్వ ఫోన్ చేసి, పసుపు ఒడిసిందా బిడ్డా, ఇంకింత పంపాల్నా అని అడిగింది. ఉన్నదే చాలు అన్నాను. చివరికి రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి, మూడు నెలలు ఒంటరిగా రోగిని ముట్టకూడదని చెప్పి ఉంచారు. అప్పటినుంచి నాకు పని నేర్పడానికి ఇంకొకరిని పెట్టారు. స్వరూపక్కకు పని ఎక్కువై ఉంటుందనుకున్నాను. ఆదివారం రొట్టె మాత్రం మామూలే.

అసలు సంగతి చదువు ముగిసి, సర్టిఫికెట్ తీసుకునే రోజున వార్డు పెద్దావిడ మాటల్లో తెలిసింది. నేర్పాల్సింది నేర్పకపోవడం తన లోపమని స్వరూపక్క ఆ పసుపు గొడవ జరిగిన వారమే రాసిచ్చిందట. విద్యార్థులకు నేర్పే పని ఆమె దగ్గరినుంచి ఏడాదిపాటు తీసేశారట. ఆ పని అంటే ఆమెకు ప్రాణం. నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా ఆమె గదికి పోయి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీశాను. నేర్పలేదని అబద్ధం ఎందుకు రాశావని కూడా అడిగాను. ఆమె పిండి కలపడం ఆపలేదు.

"అబద్ధం కాదు. ఇంటి మందు తేవద్దని నీకు చెప్పిన్నా? చెప్పలే. నేను సుత పసుపు ఇంట్ల పుట్టినదాన్నే, నాకు యాదికి రావాలె గద. ఇగ నీకెందుకు చెప్పలేదంటవా. చెప్తే నువ్వు నా కోసం ఏడుస్తవ్. నా కోసం ఏడ్చుకుంట ఆ ముసలామెను మర్చిపోతవ్."

స్వరూపక్క ఇంకా అక్కడే ఉంది. నేను తిరిగి వచ్చి నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేరాను. ఆమె నాకు ధైర్యం నేర్పిందని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. నాకు ఇప్పటికీ భయమే. భయపడుతూనే పోయి చెప్పడం మాత్రం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

పోయిన వానాకాలం మా వార్డులో ఇద్దరు గంగారాంలు ఉన్నారు. మా జిల్లాలో అదేం వింత కాదు. ఒక గంగారాంకు ఇవ్వాల్సిన ఇన్సులిన్ సూది నేను రెండో గంగారాంకు ఇచ్చాను. ఆయన నందిపేట్ వైపు రైతు, చక్కెర జబ్బే లేదు. రెండో ఆయన కేసు కాగితం చేతిలోకి తీసుకున్నాక గానీ తెలియలేదు. అప్పటికప్పుడు డాక్టరుకు చెప్పాను. గ్లూకోజు ఎక్కించాం, అరగంటకోసారి నెత్తురు చూశాం. సాయంత్రానికి ఆయనకు ఏమీ లేదని తేలింది. పొద్దున ఆ సమయంలో ఆయన భార్య టీ కోసం కిందికి పోయింది. ఆ సీసా ఎందుకు పెట్టారని ఆమె అడగలేదు. ఆమెకు చెప్పొద్దు, చుట్టాలంతా వచ్చి గొడవ చేస్తారని తోటివాళ్ళు అన్నారు. వాళ్ళ మాట తప్పని నేను అనలేను. అలాంటి గొడవలు నేనూ చూశాను.

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంటే, నేనూ కింద కూర్చుని చెప్పాను. ఏం చేశానో అది చెప్పాను. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భర్త వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"చెప్పకపోతె మాకు తెల్వకపోవు గద బిడ్డా," అంది.

తెలియకపోయేదన్నాను. అరుస్తుందనుకుని కాచుకుని ఉన్నాను.

"అయితె ఇగ మా ఆయనకు సూది నువ్వే ఇయ్యి. వేరేటోళ్ళను రానియ్య," అంది.

ఆయన ఇంటికి పోయేదాకా నాలుగు రోజులు ఆయన జబ్బుకు రాసిన సూదులన్నీ నేనే ఇచ్చాను. ఒక్కసారి కూడా పేరూ ఊరూ అడగకుండా ఇవ్వలేదు.