యాకోబు మామ చేసిన కూలర్

వారం కిందట పాతది కొని మా పడకగదిలో పెట్టించిన ఏసీ మొదటి నుంచీ చల్లగా రావడం లేదు. ఈ శనివారం పొద్దున వచ్చిన మెకానిక్ లోపలి జాలీ ఊడదీసి కుళాయి కింద పట్టగానే తడిసిన దుమ్ము వాసన గుప్పుమంది. నేను మాత్రం అతని చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు. మంచి సామాను తీసుకుని పాతది బిగిస్తాడేమో, ఉన్న గ్యాసు లేదంటాడేమో! ఈ అనుమానం నాకు మా నాన్న దేవయ్య నుంచి వచ్చింది. ఆ వాసనా ఆయన రోజుల్లోదే.

డెబ్బైలలో మేం నాచారంలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. వేసవి వచ్చిందంటే మౌలాలి గుట్ట బండలు కాగి, ఆ సెగ మా వాకిట్లోకి కొట్టేది. ఉప్పల్ తోటల నుంచి గంపల్లో వచ్చే ద్రాక్షలు, తాటి ముంజలు, తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్ళు, ఇవే మా చల్లదనం. ఆ ఏడు నానమ్మకు వడదెబ్బ తగిలి మంచం మీద ఆయాసపడుతుంటే, నాన్న లాలాపేటలో రేకు పని చేసే యాకోబు మామతో కూలర్ చేయించాడు. ఆయన మా చర్చి సంఘం మనిషే. రేకు డబ్బా, మూడు వైపులా వట్టివేళ్ళ తడికలు, వాటి మీదికి నీళ్ళు కారే చిల్లుల గొట్టం, లోపల ఫ్యాను. కిటికీకి బిగించి వెళ్తూ, "తలుపు తీసిపెట్టుకోన్రి అన్నా, గాలి ఆడాలె" అన్నాడు.

అక్కడే నాన్నకు అనుమానం మొదలైంది. "సల్లగాలిని బయటికి పంపమంటుండు. గీ మాటల్నే ఏదో ఉన్నది" అన్నాడు. నానమ్మ చల్లదనం పోకుండా తలుపు సందుల్లో పాత చీరలు కుక్కించింది. గంటలో గదంతా తడి గొంగడి కప్పినట్టు ఉక్క. గోడలు చెమర్చాయి, బైబిలు అట్ట ఉబ్బింది, నానమ్మ ఆయాసం ఇంకా పెరిగింది. నాన్న తడికలు విప్పి, గడ్డి కలిపాడేమోనని ఒక్కో వేరూ వాసన చూశాడు. చిల్లుల్ని సూదితో పొడిచాడు. ఫ్యాను పాతదేమోనని రెక్కల రంగు గోకాడు. ఏ తప్పూ దొరక్కపోవడమే ఆయనకు గట్టి సాక్ష్యమైంది. "మస్తు తెలివిగ మోసం జేసిండు" అన్నాడు. ఆ మాట చర్చి దాకా వెళ్ళింది. కూలర్ చేయించుకుందామనుకున్న వాళ్ళు మానుకున్నారు.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరూ ఒకే రొట్టె పంచుకునే ఆరాధన. ముందురోజే, మనసులు విరిగినవాళ్ళు ఒకరి గడపకు ఒకరు వెళ్ళి సమాధానపడాలి, లేకపోతే రొట్టెకు చేయి చాచకూడదు. ఏప్రిల్లోనూ మే నెలలోనూ రొట్టె పళ్ళెం వస్తే నాన్న తల వంచుకుని పక్కకు అందించేశాడు. చెప్పులు విడిచే చోటికి జరిగి కూర్చున్న యాకోబు మామ కూడా ముట్టలేదు. "నేను పోయేలోపన్న రొట్టె తింటవారా కొడుకా?" అని నానమ్మ కన్నీళ్ళు పెట్టుకునేది.

జూన్ నెల బల్లకు ముందు శనివారం, నానమ్మ కోసం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. జనం పట్టక సగంమంది వాకిట్లో కూర్చున్నారు. తలుపు తెరవక తప్పలేదు. రెండో పాట అయ్యేసరికి గదినిండా వట్టివేళ్ళ వాసన, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునేంత చలి. నానమ్మ నిమ్మళంగా నిద్రపోయింది. సంఘంలో అందరినీ ఆటపట్టించే మేరమ్మ అత్త ఊరుకుంటుందా!

"ఏంది దేవయ్యన్నా, గిది సల్లగ కొట్టదంటివి? మాకు జర గొంగళ్ళన్న తెచ్చియ్యి!"

అందరూ నవ్వారు. నాన్న మాత్రం లేచి వెళ్ళి, యాకోబు చాటుగా వచ్చి ఏమన్నా బాగుచేశాడేమోనని కూలర్ వెనక చూసి వచ్చాడు.

కూటం ముగిసి తలుపు వేశాక మళ్ళీ ఉక్క. నాన్న నన్ను పిలిచాడు. "తలుపు తియ్యి బిడ్డా. ముయ్యి. మల్ల తియ్యి." మూడుసార్లు తీయించాడు, మూడుసార్లు మూయించాడు. తర్వాత అంగీ తొడుక్కుని, నా చేయి పట్టుకుని, ఎండలోనే లాలాపేటకు నడిచాడు.

యాకోబు మామ రేకు కొడుతూ తల ఎత్తలేదు. "ఏమైందన్నా, ఇంకేం మోసం దొరికింది?"

నాన్న గడప దాటలేదు. "తలుపు తెరిచిన. తప్పు నాదే, యాకోబూ."

సుత్తి ఆగింది. "తలుపు తెర్వనీకి రెండు నెలలు వట్టిందా అన్నా?" అని, మామ లేచి లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. మర్నాడు చర్చిలో నాన్న చెప్పుల దగ్గరికి వెళ్ళి ఆయన పక్కనే కూర్చున్నాడు. పళ్ళెం వస్తే ఈసారి ఇద్దరూ రొట్టె విరుచుకున్నారు.

మా మెకానిక్ జాలీ బిగించి, గదంతా కలియజూసి, పరదా పక్కకు లాగాడు. "గ్యాసు మంచిగనే ఉన్నదమ్మా. గీ కిటికీ ఎవరు తెరిచిన్రు?" నేనే. ఆ వేసవి నుంచి పడుకునే గదికి సందు వదలడం నా అలవాటు. ఏసీకి ఆ సందే పడదని తోచలేదు. అతను కిటికీ మూసి వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో గది చల్లబడింది.

ఇప్పుడు నాచారంలో వట్టివేళ్ళ తడికలు లేవు, ఉప్పల్ ద్రాక్ష తోటలు లేవు. మా చర్చిలో పళ్ళెం ఎక్కడా ఆగకుండా చేతులు మారిపోతుంది. శనివారం నాడు ఎవరూ ఎవరి గడపకూ వెళ్ళరు. ఆ మెకానిక్ ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. ఫోన్ చేశాను.

"ఏందమ్మా, మల్ల సల్లగ రాట్లేదా?" అన్నాడు, అనుమానంగా.

"వస్తోంది నాయనా" అన్నాను. రేపు మొదటి ఆదివారం. "కిటికీ తెరిచింది నేనే. పొద్దున నిన్ను ఊరికే అనుమానపడ్డాను, తప్పు నాదే."