నిన్న ఎన్ని సాళ్ళమ్మా?

"అమ్మగారూ, బంధుప్రీతి మాస్టారు పోయారంటండీ" అని మంగళవారం పొద్దున పాలు పోసే ఆవిడ గేటు దగ్గర నిలబడి చెప్పింది. తెల్లవారుజామున గుండె ఆగిందట. గిన్నె పట్టుకుని నిలబడ్డ నాకు ముందు చావు వినపడలేదు, ఆ పేరు వినపడింది. పాలావిడకు ఆయన అసలు పేరు తెలియదు. మా ఊళ్ళో సగం మందికి తెలియదు. ఆ పేరు పెట్టింది నేను.

ఆయన మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నేను అదే బళ్ళో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా సర్వీసు చివరి రోజుల్లో ఆయన వచ్చారు. వచ్చిన ఏడాదే ఆడపిల్లల్ని పోగేసి సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టారు. క్రికెట్టుకు పినతల్లి కూతురి వరస ఆట. బంతి నేలకు తగలకూడదు. విసిరే పిల్ల చెయ్యి భుజం దగ్గర్నుంచి గుండ్రంగా తిప్పి, నడుం కిందనుంచి విసరాలి. ఆ పిల్లని పిచ్చర్ అంటారు.

కూలి పనులకు వెళ్ళే మరియమ్మ కూతురు ప్రసన్నకు ఈ హోదా వచ్చినప్పుడు, మరియమ్మ కంగారుగా మా ఇంటికొచ్చింది.

"మా పిల్లని పిచ్చర్ అన్నాడంట మాస్టారు. దానికేం పిచ్చండీ? ఇంట్లో బానే ఉంటది."

"నీ కూతురికి కాదే, ఆయనకి" అన్నాను. ఆ మాటా ఊరంతా తిరిగింది. నా మాటలకు ఎప్పుడూ కాళ్ళుంటాయి.

మా పెరటి గోడా బడి మైదానం గోడా ఒక్కటే. అందుకని రిటైరయ్యాక కూడా సాయంత్రాలు నాకు మాస్టారి గొంతు తప్పలేదు. గొంతంటే అరుపు కాదు. మెళ్ళో విజిలు ఉండేది గానీ ఊదగా నేను వినలేదు, చప్పట్లు కొట్టేవారు. లాల్చీ ఎడమ జేబు నిండా చింతగింజలు. ప్రసన్న ఒక బంతి విసిరితే ఒక గింజ కుడి జేబులోకి మారేది. ఎడమ జేబు ఖాళీ అయితే ఆ రోజుకు ఆ పిల్ల బంతి ముట్టుకోకూడదు, ఎంత బతిమాలినా సరే. "చెయ్యి ఒకటే తల్లీ, దాంతో రెండు కూలిపనులు చేయించకూడదు" అనేవారు.

సోమవారం పొద్దున మాత్రం ఇంకో అలవాటు. పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ అడిగేవారు: "నిన్న ఎన్ని సాళ్ళమ్మా?" అంటే ఆదివారం మిరపకాయ కోతకు వెళ్ళి ఎన్ని సాళ్ళు కోశారని. "ఆరండీ", "ఎనిమిదండీ", "నేను పోలేదండీ". చెప్పింది చెప్పినట్టు ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. గోడకివతల బట్టలారేస్తూ ఒకరోజు నేనే అడిగాను.

"మాస్టారూ, మీరు డ్రిల్లు మాస్టారా, కూలీల మేస్త్రీనా?"

"రెండూనండి మేడమ్ గారూ" అని నవ్వారు.

నేనూ నవ్వాను. ఆయన ఏం చెప్పారో నాకు అర్థమైందనే అనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు భావార్థాలు చెప్పినదాన్ని కదా.

నాలుగేళ్ళ క్రితం మా పిల్లలు జిల్లా ఫైనల్‌కు వచ్చారు. ఆ ఏడు పోటీలు వాయిదా మీద వాయిదా పడి కాయ కోతల్లోకి వచ్చాయి. ఫైనల్ సోమవారం. ఊరు ఊరంతా రెండు ట్రాక్టర్లెక్కి వెళ్ళింది, నేను ముందు ట్రాక్టర్‌లో కుర్చీ వేయించుకుని. రాష్ట్ర జట్టుకు పిల్లల్ని ఎంపిక చేసేవాళ్ళు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. వాళ్ళ కళ్ళు ప్రసన్న మీదే ఉన్నాయి. ఆఖరి ఇన్నింగ్స్. మనవాళ్ళు రెండు పరుగులు ముందున్నారు. ఇంకో ముగ్గుర్ని అవుట్ చేస్తే కప్పు మనది, ప్రసన్న రాష్ట్ర జట్టులో ఉన్నట్టే.

మాస్టారు లేచి మైదానంలోకి నడిచారు. ప్రసన్న భుజం మీద చెయ్యి వేసి ఏదో అడిగారు. ఆ పిల్ల తల దించుకుంది. ఆయన బంతి తీసుకుని రెండో పిచ్చర్ చేతిలో పెట్టారు. ఆ రెండో పిల్ల మాస్టారి భార్య తరఫు బంధువుల అమ్మాయి. నాలుగు బంతులకే గురి తప్పింది. ఒక్క పరుగుతో ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో మా అరుపులకు ట్రాక్టరు ఇంజను చప్పుడు ఎవరికీ వినపడలేదు. మర్నాటి నుంచి చర్చంతా మా వాకిట్లోనే. అప్పుడు మా చేను మొదటి కోత కాయకు తొడిమలు తీస్తున్నారు. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, తుమ్ముకు తుమ్ముకు మధ్య మాస్టారి తెలివిని చీల్చి చెండాడారు. టీవీలో క్రికెట్ చూసి చూసి మా ఊళ్ళో అందరూ కెప్టెన్లే.

"బాగా ఏసేదాన్ని ఎవడన్నా ఆఖర్న దించుతాడా? టీవీలో ఆఖరోవరు ఎవరికిస్తారే? మొనగాడికిస్తారు!"

"అలిసిందేమోనే."

"ఏం అలుపే? అంతకుముందు మ్యాచిలో ఇంతకు రెండింతలేసింది. అప్పుడు లేని అలుపు ఇప్పుడెట్టా వచ్చిద్ది?"

"వాళ్ళ బంధువుల పిల్ల పేరు పేపర్లో పడొద్దా మరి?"

"ఓ మరియమ్మా, నీ పిల్లనే కదే దించింది, నువ్వు మాట్లాడవేందే?"

మరియమ్మ తొడిమ తుంచి పక్కన పడేసి, "నేనేం మాట్టాడేది? అది రెండ్రోజుల్నించీ అన్నం తినట్లా" అంది.

ఆ మాటతో అందరి చూపూ నా మీదికి తిరిగింది. ఈ ఊళ్ళో అర్జీ అంటే నేనే రాయాలి. కలం తీశాను. గంటలో రాశాను. విద్యాశాఖ అధికారి గారికి విన్నవించుకొనునది ఏమనగా, అని మొదలుపెట్టి, మధ్యలో ఒక వాక్యం దగ్గర నా కలానికి నేనే ముచ్చటపడ్డాను: "బంధుప్రీతి ముందు బంతిప్రీతి ఓడిపోయినది." గట్టిగా చదివి వినిపించాను. వాకిలి ఘొల్లుమంది. నవ్వుకు కళ్ళలో నీళ్ళొస్తే, కాయ ముట్టుకున్న చేత్తో తుడుచుకున్నాను. సాయంత్రందాకా కళ్ళు మండాయి. దేవుడు ఒక్కోసారి హెచ్చరిక పంపుతాడు గానీ, దాని కింద సంతకం పెట్టడు.

అందరూ వేళ్ళ కారం కాగితానికి అంటించి మరీ సంతకాలు చేశారు. మరియమ్మా చేసింది. ప్రసన్న మాత్రం చెయ్యనంది. మాస్టారంటే భయం కాబోలు అనుకున్నాం.

విచారణకు అధికారి వచ్చాడు. హెడ్మాస్టరు గది కిటికీకి ఊరంతా వేళ్ళాడింది. నాకు మాత్రం లోపల కుర్చీ వేశారు, పెద్దదాన్నని.

"ఎందుకు దించావయ్యా ఆ పిల్లని?"

"చెయ్యి అలిసిందండి."

"అంతకుముందు ఇంతకన్నా ఎక్కువ వేసిందని వీళ్ళు రాశారు. అప్పుడు అలవలేదా?"

మాస్టారు చేతిలోని నోటుపుస్తకం మూశారు. అధికారి నోటుపుస్తకం అడిగి తీసుకుని పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు.

"ఇక్కడ కొట్టేశావేంటి?"

"తప్పు రాశానండి."

అంతే. జట్టు బాధ్యత తీసేశారు. దాన్ని తీసుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. బ్యాట్లూ గ్లవ్సులూ స్టోర్ రూములో పెట్టి తాళం వేశారు. కప్పు కోసం పోట్లాడిన మేము ఆట పోతే పట్టించుకోలేదు. మరుసటి ఏడు మా ఊరి నుంచి ఒక్క పిల్ల కూడా ఆడలేదు.

ఆ రోజు విచారణ అయ్యాక గేటు దగ్గర ఆయన నాకోసం ఆగారు.

"మేడమ్ గారూ, అర్జీ నాకూ చూపించారండి. మీ తెలుగు మీ తెలుగే. ఒక్క అక్షరదోషం లేదు."

"దోషం మా వైపు లేదు లెండి మాస్టారూ" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి ఆ జవాబు మా కోడలికి రెండుసార్లు చెప్పాను.

తర్వాత రెండేళ్ళకు రిటైరయ్యారు. పిల్లలు గోడ చాటునుంచి "బంధుప్రీతీ" అని అరిస్తే, అదేదో తల్లిదండ్రులు పెట్టిన పేరైనట్టు వెనక్కి తిరిగి "ఏం నాన్నా" అనేవారు. నేను ఎదురుపడితే నమస్కారం ఎప్పుడూ ఆయనదే ముందు.

మంగళవారం వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో పడుకోబెట్టారు. జనం తక్కువేమీ లేరు, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళే తక్కువ. "పాపం మంచోడే, ఆ ఒక్క మ్యాచి" అంటున్నారు. ప్రసన్న గుంటూరు నుంచి వచ్చింది. అక్కడ నర్సింగ్ చదువుతోంది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని లేవలేదు.

సాయంత్రం ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. చేతిలో నోటుపుస్తకం. రిటైరైన రోజున మాస్టారు దానికే ఇచ్చారట.

"అమ్మగారూ, మీకు ఒకటి చూపించాలి" అని పేజీ తీసింది. ఫైనల్ రోజు పేజీ. మాస్టారి గుండ్రటి రాత. "ప్రసన్న. శని 9 సాళ్ళు, ఆది 12 సాళ్ళు." దాని పక్కన ఇంకేదో రాసి, కనపడకుండా నల్లగా కొట్టేశారు.

"ఇదేంటే?"

"ఎవరి చేలో కోశామో కూడా రాసుకునేవారండీ. ఒక్కో చేలో సాలు ఒక్కో పొడుగు కదా. మిగతా పేజీలు చూడండి, అన్నింట్లో ఉంటది."

చూశాను. కోటయ్య చేను. సుబ్బులు చేను. వాగు పక్క చేను.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తురావడమేమిటి, ఎప్పుడూ మరిచిపోలేదు. తెలిసిన రెండు సంగతులు నా బుర్రలో పక్కపక్కనే ఉండీ నాలుగేళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. ఫైనల్‌కు ముందు శనివారం మబ్బు పట్టింది. పండిన కాయ తడిస్తే తాలై పోతుంది. కూలీలు దొరకలేదు. నేనే మరియమ్మకు కబురు పెట్టాను: "నీ కూతుర్ని కూడా తీసుకురావే, రెండు రోజులే." ప్రసన్న వచ్చింది. గట్టుమీద గొడుగేసుకుని కూర్చుని, "త్వరగా కానీవే, వాన వచ్చేస్తోంది" అని తరిమిందీ నేనే.

"ఆ రోజు ఆఖర్న చెయ్యి పైకి లేవలేదు అమ్మగారూ" అంది ప్రసన్న. "ఎన్ని సాళ్ళని పొద్దున అడిగితే చెప్పా. ఆడొద్దన్నారు. నేనే ఏడ్చి ఆడా. నొప్పొస్తే బంతి ఇచ్చెయ్యాలని మాట తీసుకున్నారు. వచ్చి అడిగారు, ఇచ్చేశా. ఇవ్వకపోతే ఇవాళ పేషెంటుని ఎత్తలేకపోదును."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే? విచారణలో చెప్పి ఉంటే..."

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. బడి పిల్లని కోతకి తీసుకుపోయారని మా అమ్మ మీదికీ మీ మీదికీ వచ్చిద్దని." చున్నీతో ముఖం తుడుచుకుంది. "మీ గురించి ఇంకోటి కూడా అన్నారు. 'మేడమ్ గారికి తెలిస్తే మాట పడిపోద్దమ్మా. ఆవిడకి మాటే ఆస్తి' అన్నారు."

నాకు మాట పడిపోయింది. మాస్టారి లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఈ స్మృతి రాయమని బడి పూర్వ విద్యార్థులు అడిగారు. "మీరైతేనే బాగా రాస్తారు" అన్నారు. నిజమే, బాగానే రాస్తాను. ఆ అర్జీ కూడా బాగానే రాశాను. ఇది అచ్చయితే ఆ పేరు ఊళ్ళోంచి పోతుందన్న భ్రమ నాకు లేదు. విసిరిన బంతిని మధ్యలో ఎవరైనా పట్టుకుంటారేమో గానీ, నేను విసిరిన మాటను పట్టి తెచ్చే పిల్ల ఏ జట్టులోనూ లేదు.

ప్రసన్న వెళ్ళబోతూ ఆ పేజీని వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకు పట్టింది. ఆయన బాల్‌పెన్ను నొక్కి రాసే మనిషి. ముందువైపు నలుపులో పోయినవి వెనకవైపు ఉబ్బెత్తుగా, తిరగబడి నిలిచి ఉన్నాయి. అద్దంలో చదివినట్టు కుడి నుంచి ఎడమకు చదువుకున్నాను. పుస్తకం నిండా ఎవరి చేనుకూ లేని ఒక మాట అక్కడ ఉంది. కోటయ్యకు లేదు, సుబ్బులుకు లేదు. "మేడమ్ గారి చేను." ఎవరూ చూడని పుస్తకంలో కూడా, "గారి".

వేలితో తడిమాను. అక్షరాలు ఇంకా చేతికి తగులుతున్నాయి.