గండి దగ్గర ఆగని సైకిలు

శంషాబాద్‌కు తూర్పున, గుట్టల నడుమ ఇరుక్కుని బొల్లిగుట్ట అని ఒక చిన్న ఊరుండేది. ఆ ఊరు మొత్తానికి సైకిలున్నవాడు ఐలయ్య ఒక్కడే. సైకిలంటే కొత్తది నిగనిగలాడుతూ ఉంటుందనుకునేరు, రామ రామ! ఎవరో పారేసిన చట్రం, ఇంకెక్కడో దొరికిన చక్రాలు, సీటుకు చుట్టిన గొంగడి పేలిక. బ్రేకులు అసలే లేవు.

"బ్రేకు లేని బండెక్కి ఆ గుట్టలల్ల దూకుతవ్. ఎప్పుడో నా పుస్తె తెంపుతవ్," అని పెళ్ళాం కొండమ్మ రోజూ తిట్టేది.

"బ్రేకెందుకే? కాలు లేదా నాకు?" అని నవ్వేవాడు ఐలయ్య.

నిజమే, ఆగాలంటే కుడి అరికాలు ముందు చక్రానికి అదిమేవాడు. చెప్పులెరగని ఆ అరికాలు తోలుపట్టాలా మొద్దుబారింది. సీతాఫలాల కాలం వస్తే తెల్లవారకముందే రెండు గంపలు వెనక కట్టుకుని బయల్దేరేవాడు. తంగేడు పొదలు, మోదుగ చెట్లు, ఏ రాజు కట్టించాడో ఎవరికీ తెలియని కూలిన కోటగోడ, వీటన్నిటి మధ్య నుంచి ఎర్రటి మొరం బాట. ఆ మొరం మీద మామూలు మనిషి నడిస్తేనే జారి పడతాడు. ఐలయ్య హ్యాండిల్‌ను వదులుగా పట్టుకుని, నడుం వెనక్కి వేసి, చక్రాన్ని దాని ఇష్టానికి వదిలేసేవాడు. పహాడీ షరీఫ్ గుట్ట కింద పండ్లు అమ్ముకుని, తుక్కుగూడ మీదుగా మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు.

అది నలభై ఏడో సంవత్సరం. దొరకు వెట్టి చెయ్యబోమని బొల్లిగుట్ట ఎదురు తిరిగిన ఏడు. దొర ఊరుకుంటాడా? మొదట మనుషుల్ని పంపి కొట్టించాడు. తర్వాత గొంగడి కప్పుకున్న ఒకడు, అచ్చం ఐలయ్యలాగే సైకిల్ మీద దర్జాగా వచ్చి, పెంటయ్య గడ్డివాముకు నిప్పు పెట్టి పోయాడు. వాముతోపాటు కట్టేసిన రెండెడ్లు అరిచి అరిచి కాలిపోయాయి. ఆ అరుపులు విన్న వాళ్ళెవరూ ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు ఊరంతా చేరింది. బట్టను చూసి, బండిని చూసి మనవాడో పగవాడో ఎట్లా పోల్చుకోవడం? ఉపాయం చెప్పింది ఐలయ్యే.

"గండి మైసమ్మ ముందర మనోడెవడన్న బండి దిగకుండ పోతడా? పసిపోరడు గూడ దిగుతడు, దండం పెడతడు. దిగకుండ దాటినోడు మనోడు కాదు. ఇగ చూసేదేం లేదు, కొట్టుడే!"

పెద్దమనిషి చెన్నయ్య సరేనన్నాడు. ఊళ్ళోకి దారి మైసమ్మ రాయి ఉన్న ఆ గండి ఒక్కటే. గండికి రెండు పక్కలా ఏనుగంత బండలు. జొన్నచేలో పిట్టల్ని కొట్టే వడిసెలలు పట్టుకుని వంతులవారీగా బండల మీద కాపలా కూర్చున్నారు. ఆడా మగా తేడా లేదు. వడిసెల తిప్పడంలో కొండమ్మను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

దసరా వెళ్ళిన వారానికి, తుక్కుగూడ దగ్గర బాటసార్లు దిగే పాత సరాయి గోడ పక్కన దొర లారీ ఆగి ఉంది. ఖాళీ గంపలతో వస్తున్న ఐలయ్య దాన్ని చూసి గోడచాటున దిగాడు. లారీ నిండా మనుషులు, బర్మారు తుపాకులు, తల్వార్లు. ఒకడు లారీకి నీళ్ళు పోస్తున్నాడు.

"ఇయ్యాల బొల్లిగుట్టల ఒక్క కొంప మిగలొద్దు. మగోళ్ళు చేన్లల్ల ఉంటరు, పగటిపూటనే తగలబెడదాం," అంటున్నాడు ఇంకొకడు.

ఐలయ్య లెక్క వేసుకున్నాడు. లారీ శంషాబాద్ మీదుగా చుట్టు తిరిగి రావాలి. గుట్టల బాటన తను ముందు పోవచ్చు. మెల్లగా సైకిల్ తిప్పాడు. పాడు గంప గోడకు రాసుకుని కిర్రుమంది.

"అరే, వీడు ఆ ఊరోడే! పట్టుండ్రి!"

తుపాకీ మడమ నుదుటి మీద పడింది. కళ్ళలోకి నెత్తురు దిగింది. అయినా ఎక్కి తొక్కాడు. ఒకడు కిందినుంచి తల్వార్ ఝళిపిస్తే కుడి పాదం అడుగు చీలిపోయింది. గంపలు తెగి దొర్లాయి. వెనక తుపాకీ పేలింది. గుండు చెవి పక్కనుంచి పోయింది.

తొక్కాడు. ఎట్లా తొక్కాడో ఆ మైసమ్మకే ఎరుక. చీలిన పాదం పెడల్ మీద జారిపోతుంటే ఎడమ కాలితోనే బలమంతా పెట్టాడు. మొరం ఎగిరి మొహాన కొట్టింది. తుమ్మకంపలు రుమాలును లాగేశాయి, చొక్కాను చింపేశాయి. కోటగోడ దగ్గర ఒకసారి పడ్డాడు, మోచెయ్యి ఎముక తేలింది. లేచాడు. మనసులో ఒక్కటే మాట: నేను ముందు పోవాలె. నేను ముందు పోకపోతే కొండమ్మ లేదు, ఊరు లేదు.

గండి మీదికి దిగే వాలు వచ్చింది. ఆగుదామని అలవాటుగా కుడి అరికాలు చక్రానికి పెట్టాడు. చీలిన మాంసంలోకి చక్రం కోసుకుపోయింది. ప్రాణం పోయినంత పనై కాలు లాగేసుకున్నాడు. బండి ఆగలేదు. మైసమ్మ రాయి ముంచుకొస్తోంది. "నేనే! నేను ఐలయ్యనే!" అని అరిచాననుకున్నాడు. ఆయాసంలో గొంతు పెగల్లేదు. మైసమ్మ వెనకబడిపోయింది. అతను దిగలేదు.

బండ మీద వడిసెల గిర్రున తిరిగిన చప్పుడు అతనికి వినిపించింది. ఆ చప్పుడు ఎవరిదో కూడా తెలిసింది. రాయి వచ్చి దవడకు తగిలింది.

"పడ్డడు కొడుకు!" అంటూ బండ మీంచి దూకి వచ్చింది కొండమ్మ. నెత్తురు ముద్దయిన మొహాన్ని జుట్టు పట్టి పైకెత్తింది. చూసింది. ఆమె పెట్టిన కేక చేన్లదాకా వినిపించింది.

"అయ్యో నా చేతులిరగ! నా పెనిమిటినే కొట్టుకున్ననే!"

జనం ఉరికొచ్చారు. ఐలయ్య చెప్పబోయాడు. దవడ వేలాడింది. పళ్ళూ నెత్తురూ వచ్చాయి కానీ మాట రాలేదు. శంషాబాద్ దిక్కు చెయ్యి చూపాడు.

"నీళ్ళడుగుతున్నడు, నీళ్ళు తేండ్రి!" అన్నాడు చెన్నయ్య.

తల అడ్డంగా ఊపాడు. ఎవరికీ అర్థం కాలేదు. కొండమ్మ రొమ్ము బాదుకుంటూనే ఉంది. ఐలయ్యకు పిచ్చి కోపం వచ్చింది. ఇంతదూరం వచ్చింది ఈ ఏడుపు వినడానికా? పాక్కుంటూ పోయి, ఆమె పారేసిన వడిసెల తీశాడు. నేల మీది రాయి ఒకటి ఏరి అందులో పెట్టాడు. దాన్ని ఆమె చేతిలో కుక్కి, పిడికిలి మూశాడు. మళ్ళీ బాట వైపు చూపాడు.

కొండమ్మ ఏడుపు ఆగిపోయింది.

"వస్తున్రు! దొర మనుషులు వస్తున్రు! బండలెక్కుండ్రి!"

లారీ గండిలోకి వచ్చేసరికి రెండు పక్కలనుంచి రాళ్ళు కురిశాయి. డ్రైవరు తల పగిలి స్టీరింగ్ మీదికి ఒరిగాడు. తుపాకులు పేలాయి. చెన్నయ్య రొమ్ములో గుండు దిగి బండ మీదే చచ్చిపోయాడు. దూకినవాళ్ళను దూకినచోటే కొట్టారు. మిగిలినవాళ్ళు శవాలను కూడా వదిలేసి పరిగెత్తారు. ఊళ్ళో ఒక్క ఇల్లు కాలలేదు.

ఐలయ్య బతికాడు. దవడ మాత్రం వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత అతని మాట కొండమ్మకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అతను ఏదో గొణిగితే ఆమె విని జనానికి చెప్పేది. అన్నం మెత్తగా పిసికి పెట్టేది. ఆ రాయి సంగతి ఊళ్ళో ఎవరూ ఎత్తేవారు కాదు.

రెండేళ్ళకు దొర పెత్తనం పోయింది. అప్పటి దౌర్జన్యాలు రాసుకోవడానికి పోలీసు అమీన్ ఒకడు వచ్చి, చావడి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"నీ దవడ ఎవరు పగలగొట్టారు?"

ఐలయ్య గొణిగాడు. అమీన్ కొండమ్మ వైపు చూశాడు.

"దొర మనుషులు కొట్టిన్రని చెప్తున్నడు సారూ," అంది కొండమ్మ. "అబద్ధం. నా కోసం అబద్ధమాడుతున్నడు. కొట్టింది నేను. రాసుకో."

ఊరంతా తలలు దించుకుంది. ఐలయ్య ఆమె రెక్క పట్టుకుని లాగాడు. తప్పు నాదేనే, మైసమ్మ ముందు దిగకుండ వచ్చిన, ఆ కట్టుబాటు పెట్టింది గూడ నేనే గదా, అని వంకర నోటితో తడబడుతూ చెప్పాడు.

"ఇప్పుడేమంటున్నాడు?" అన్నాడు అమీన్ కలం ఎత్తి.

కొండమ్మ కొంగుతో మొగుడి గడ్డం తుడిచింది.

"ఏం లేదు సారూ. నేను చెప్పిందే రాసుకో."