పెద్దమ్మతో సహా అలైన్‌మెంట్

ఆ రోజుల్లో నర్సీపట్నంలో కారున్న కుర్రాళ్ళు రెండు రకాలుగా ఉండేవారు. కారుని నేలకి ఎంత దించితే తాము అంత పైకి లేస్తామనుకునేవాళ్ళు ఒక రకం. దించాలని ఉన్నా ఇంట్లో ఒప్పుకోనివాళ్ళు రెండో రకం. నాకు కారు లేదు గానీ ఆ రెండు రకాల కార్ల కిందా సమానంగా పడుకున్నాను. తొమ్మిదో తరగతిలో చదువూ నేనూ ఇష్టపూర్వకంగా విడిపోయాక, మా మావయ్య నడిపే వీల్ అలైన్‌మెంట్ షెడ్డులో చేరాను. నాలుగు చక్రాలూ తలో దారీ పట్టకుండా ఒకే దారిన పోయేలా సర్దడం అక్కడి పని. (మనుషులకి కూడా చేస్తారా అని ఒక పెద్దాయన అడిగాడు. చేస్తాం గానీ ముందు టైర్లలో గాలి చూడాలన్నాను. ఆయన మళ్ళీ మా షెడ్డు వైపు రాలేదు.) పని బాగానే వచ్చింది గానీ, నా మొహం మాత్రం నాకు అచ్చిరాలేదు. నోటి చివర్లు పుట్టుకతోనే పైకి తిరిగి ఉండటం వల్ల ఎంత నిజం చెప్పినా వేళాకోళంలా వినబడేది. ఎవరైనా పోయినప్పుడు పలకరించడానికి వెళ్తే మా అమ్మ నన్ను గుమ్మం బయటే నిలబెట్టేది.

మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, నాకు పూర్తిగా వ్యతిరేకం. మాట్లాడితే పెట్రోలు అయిపోతుందేమో అన్నట్టుండేవాడు. అలాంటి మనిషి ఒక పాత నల్ల కారు కొని, స్ప్రింగులు కోయించి, నేల మీద పాకేటంత కిందికి దింపి, పెళ్ళిళ్ళకి తిప్పడం మొదలుపెట్టాడు. మావయ్య దానికి బొద్దింక అని పేరు పెట్టాడు. స్పీడ్ బ్రేకర్ వస్తే అన్నయ్య దాన్ని కొత్తకోడలు గడప దాటినట్టు పక్కకి తిప్పి, మెల్లగా, ఒక్కో చక్రమే దాటించేవాడు. ఓసారి రోలుగుంటలో పెళ్ళికి ఆ కారు తీసుకెళ్తే, పెళ్ళికూతురి పక్కనున్న ఒకమ్మాయి వంగి చూసి, "ఏటండీ, మీ కారు బోంచేసి తొంగున్నాదా? లెగదేటి?" అందట. అన్నయ్య నవ్వాడట. చిన్నప్పటినుంచీ ఆ మనిషిని నవ్వించడానికి నేను పడని పాట్లు లేవు, ఒకసారి చెట్టు మీంచి కూడా పడ్డాను. ఆ అమ్మాయి ఒక్క మాటతో నవ్వించేసిందంటే ఇది మామూలు వ్యవహారం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

కబురు నడిచింది. అమ్మాయి వాళ్ళది జీడితోటలున్న కుటుంబం, మంచివాళ్ళు. ఆదివారం మధ్యాహ్నం వర్జ్యం రాకముందే పెళ్ళిచూపులకి రమ్మన్నారు. అడ్డు ఒక్కటే, మా పెద్దమ్మకి శకునాల పట్టింపు. అంతకుముందు అన్నయ్యకి వచ్చిన సంబంధాల్లో ఒకటి పిల్లి ఎదురై పోయింది, ఇంకోటి గుమ్మంలో తుమ్ము వల్ల పోయింది (ఆ తుమ్ము నాదే). రెండుసార్లూ అన్నయ్య నోరెత్తలేదు, ఇస్త్రీ చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు, అంతే. ఈసారీ పోతే ఏమీ అనడు. ఇక ముందెప్పుడూ కూడా ఏమీ అనడు. మా అందరి భయమూ అదే.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. అన్నయ్య స్టీరింగ్ ముందు, ఎడమ పక్కన ముందు సీట్లో పట్టుచీరలో పెద్దమ్మ, వెనక మావయ్య భార్య అత్తయ్యా, నేనూ. ఊరు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక బొద్దింక తన గుణం చూపించింది. మెల్లగా కుడికి లాగడం మొదలుపెట్టింది. అన్నయ్య ఎడమకి తిప్పి పట్టుకుంటే దారిన నడుస్తోంది, పట్టు కాస్త సడలితే చాలు, ఎదురొచ్చే చెరకు ట్రాక్టర్ని పలకరించడానికి పోతోంది. పెద్దమ్మ కొంతసేపు చూసింది.

"వొరే, ఆపరా. బండి ఎనక్కి తిరిగిపోదామంతంది."

"అలైన్‌మెంట్ పెద్దమ్మా, శకునం కాదు" అన్నాను నేను.

"నువ్వు నవ్వకు."

"నేను నవ్వటం లేదు పెద్దమ్మా!"

"మరదేటి, మూతి?"

కారు తిరిగి మా షెడ్డుకే వచ్చింది.

మా వృత్తిలో మొదటి మంత్రం 'బండి ఖాళీ చెయ్యండి' అనేది. ముందు రోజు ఈ కారుకి అలైన్‌మెంట్ చేసినప్పుడూ మావయ్య అదే అన్నాడు, ఇప్పుడూ అదే అన్నాడు. అందరం దిగాం. ఆయనొక్కడే కారెక్కి రోడ్డు చివరిదాకా వెళ్ళొచ్చాడు. గీత గీసినట్టు తిన్నగా పోయింది. పెద్దమ్మ ఎక్కింది. మళ్ళీ కుడికి లాగింది. పెద్దమ్మ దిగింది. మళ్ళీ తిన్నగా పోయింది. మావయ్య ఎన్నిసార్లు పరీక్ష పెట్టినా పెద్దమ్మే నెగ్గుతోంది.

"సూసేరా? నానెక్కితేనే తిరుగుతంది. ఎవులికి సెప్పాలో ఆలికే సెప్తంది. ఫోనిటియ్యి, రాటం లేదని ఆలికి సెప్పేత్తాను" అంది పెద్దమ్మ.

అన్నయ్య ఫోన్ తీసి ఇచ్చేశాడు. ఇచ్చేసి, అంతకుముందే తుడిచిన అద్దాన్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. నాకేమీ తోచలేదు. నాకు తోచనప్పుడు నా నోరు దాని దారిన అది పోతుంది. "పోనీ పెద్దమ్మా, నీకు శకునం ఎందుకు, నువ్వు అలాగే సీట్లో కూర్చో, నీతో సహా అలైన్‌మెంట్ చేసేస్తాం" అన్నాను. అత్తయ్య పక్కున నవ్వింది. మావయ్య నవ్వలేదు. చేతిలో రెంచీ పట్టుకుని నన్నే చూస్తూ, "వొరే, ఇంకోపాలి సెప్పు" అన్నాడు.

సంగతి తర్వాత విడమరిచి చెప్పాడు. మామూలు కారులో మనుషులెక్కితే స్ప్రింగు కాస్త అణిగి ఊరుకుంటుంది. కోసేసిన స్ప్రింగుకి అణగడానికి చోటే ఉండదు. ముందు మూలన ఒక నిండు మనిషి కూర్చునేసరికి ఆ పక్క చక్రం లోపలికి వాలిపోయి, ఖాళీ కారుకి మేం సర్దిందంతా చెడిపోతోంది. అంతా బాగానే ఉంది గానీ, ఆ నిండు మనిషి పెద్దమ్మ. బరువు అన్న మాట ఆవిడ ముందు అనడానికి మా వంశంలో మగవాడు పుట్టలేదు. మావయ్య గొంతు సవరించుకుని, "అక్కా, స్ప్రింగులు కోసినోడు ఎడం పక్క ఎక్కువ కోసీసేడు. ఎదవ. మరేం లేదు, మీరు ఆ సీట్లో అలగే కూకోండి" అన్నాడు. పెద్దమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, అయితే వర్జ్యం వచ్చేదాకా చూస్తానంది.

మా షెడ్డులో అప్పట్లో లిఫ్టు లేదు, కారు కింద మనిషి నిలబడే గొయ్యి ఉండేది. బొద్దింక పొట్ట తగలకుండా పలకలు వేసి దాని మీదకి ఎక్కించాం. ముందు పెద్దమ్మ, అన్నయ్య, వెనక అత్తయ్య, నా బదులు ఒక బియ్యం బస్తా. ("నీకన్నా బస్తాయే నయిం, మాటాడదు" అంది పెద్దమ్మ.) ఎడమ స్ప్రింగు చుట్ల మధ్య మావయ్య ఒక రబ్బరు దిమ్మ ఇరికించాడు. స్ప్రింగు కుదురుకోవాలని బోనెట్ పట్టుకుని కారుని కిందికీ పైకీ ఊపితే, పట్టుచీరలు ఊగుతూ, "ఒలమ్మా, ఊపకండ్రా, పూలు రాలిపోతన్నాయి" అన్న అత్తయ్య కేకలు వినబడ్డాయి. తర్వాత మావయ్య చక్రాల వాలు కొలిచే మిషన్ దగ్గరికి వెళ్ళాడు. అన్నయ్య స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నాడు. నేను గోతిలో, చక్రాన్ని తిప్పే రాడ్డు దగ్గర, సరిగ్గా పెద్దమ్మ కాళ్ళ కింద ఉన్నాను.

అప్పుడు పెద్దమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరితోనో తెలియలేదు. "ఆ రోజు ఆయన స్కూటరు ఎంతకీ స్టార్టవలేదు. తొక్కి తొక్కి మానేత్తానన్నారు. నానే, ఎల్లండి, బేగి ఎల్లొచ్చీండి అన్నాను. ఎల్లేరు. మరి రాలేదు."

ఆయనంటే మా పెదనాన్న. రోడ్డు మీద లారీ కింద పోయారని మా అందరికీ తెలుసు. స్కూటరు సంగతి మాత్రం ఆవిడ అంతవరకూ ఎవరికీ చెప్పలేదు, అన్నయ్యకి కూడా. పైన స్టీరింగ్ కొంచెం కదిలింది. నా చేతిలో రాడ్డు కూడా కదిలింది. పిల్లీ తుమ్మూ మేమనుకున్నంత చిన్న సంగతులు కావని నాకప్పుడు తెలిసింది. ఆవిడ కొడుకు పెళ్ళి ఆపటం లేదు, కొడుకునే ఆపుతోంది.

నాకొచ్చిన వేళాకోళాలన్నీ వరసగా గొంతులోకి వచ్చి వెనక్కి పోయాయి. చివరికి, "పెద్దమ్మా, స్కూటరు స్టార్ట్ కాకపోతే అది స్కూటరు జబ్బు. ప్లగ్గుకి నిమ్ము పట్టినా స్టార్టవదు. అది నీకేమీ చెప్పలేదు. నువ్వు బేగి రమ్మన్నావు, అంతే. ఏ భార్యైనా అనే మాటే అది" అన్నాను.

పైన సీటు కిర్రుమంది.

"ఎవుల్రా ఆ మాటన్నాది?"

"నేనే పెద్దమ్మా."

"నిజంగా నువ్వేనేటి?" అంది. కారు అంచు మీదనుంచి వంగి గోతిలోకి చూడబోయి, పట్టుచీరతో కుదరక మానేసింది. అదే నా అదృష్టం. ఆ చీకట్లో నా మొహం ఎలా ఉందో నాకే తెలియదు, గొంతు ఒక్కటే పైకి వెళ్ళింది.

పని అయ్యాక మళ్ళీ బయల్దేరాం. ఊరు దాటి, ఇటూ అటూ ఏ బండీ లేని తిన్నని రోడ్డు రాగానే పెద్దమ్మ, "సేతులొదిలెయ్" అంది. అన్నయ్య ఆవిడ వంక చూశాడు. "ఒదిలెయ్యమంటే ఒదిలెయ్." అన్నయ్య వేగం తగ్గించి, స్టీరింగుకి బెత్తెడు పైన రెండు చేతులూ హారతి కళ్ళకద్దుకోబోతున్నట్టు పట్టుకున్నాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. బొద్దింక రోలుగుంట వైపు తిన్నగా, బుద్ధిగా పాకింది. ఆవిడ కళ్ళు తెరిచి ముందు రోడ్డునీ, తర్వాత కొడుకునీ చూసి, "ఏటలా సూత్తన్నావు? పట్టుకుని తోలు. బేగి పోనీ, ఆలు సూత్తంటారు" అంది. 'బేగి' అన్నాక ఒక్క క్షణం ఆగి, పమిటతో మొహం తుడుచుకుంది. మేమెవరం అటు చూడలేదు.

ఆ అమ్మాయే ఇప్పుడు మా వదిన. మా అన్నయ్య రోజుకి రెండుసార్లైనా నవ్వుతున్నాడని వినికిడి. బొద్దింక ఎప్పుడో పాత ఇనుముకి పోయింది. షెడ్డు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. గొయ్యి పూడ్చి లిఫ్టు పెట్టించమని అందరూ అంటారు, చూద్దాంలే అంటాను. దించిన కారు ఎవరు తెచ్చినా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకు రమ్మంటాను. కొందరు నవ్వుతారు గానీ వస్తారు. ముందు సీట్లో ఎవరైనా పెద్దావిడ కూర్చుంటే, రాడ్డు బిగించడం అయిపోయినా వెంటనే పైకి రాను. ఆవిడ ఏమైనా చెప్పాలనుకుంటుందేమోనని కాసేపు ఆ చీకట్లోనే నిలబడతాను. ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ చెప్పలేదు. "ఏటి నాయినా, కింద నిద్దరోతన్నావేటి?" అని మాత్రం అడుగుతారు. అయిపోయిందండీ, వచ్చేస్తున్నా అంటూ, తల మీద బూజు దులుపుకుని పైకి ఎక్కుతాను.