మాస్టారి గోధుమకు మా ఇంట మర్యాద

మా గైడు మీద నాకున్న కసి ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నేనేం కోరుకోవడమూ లేదు.

తొంభైల చివర ఉత్తరాదిలో గోధుమ మీద పరిశోధన చేసేదాన్ని. ఆయనా తెలుగాయనే. ఎండకు తట్టుకునే రకం కనిపెట్టానని, ఆ గుణమంతా ఒక్క జన్యువులోనే ఉందని సభల్లో చెప్పుకునేవారు. దాన్ని రుజువు చెయ్యడమే నాకు అప్పజెప్పిన పని. ఆయన రకాన్ని మామూలు రకంతో సంకరం చేసి, మనవల తరం దాకా పెంచి చూశాను. తొందరగా వెన్ను తీసిన మొక్కల్లోనే గింజ నిండింది. ఆలస్యంగా తీసినవన్నీ తాలు. అంటే ఆయన రకం ఎండను ఓర్చుకోవడం లేదు, ఎండ ముదరకముందే కాపు ముగించుకుంటోంది, అంతే. ఆలస్యంగా విత్తితే అదీ తాలుపోయింది.

ఆ మాటే రాసి తీసుకెళితే థీసిస్ నా ముందే గిరాటేశారు. "నీళ్ళు సరిగ్గా పెట్టి ఉండవు. బద్ధకం నీది, తప్పు నా రకానిదా?" అన్నారు. రెండేళ్ళు సంతకం పెట్టలేదు. సంతకం లేనిదే డిగ్రీ రాదు. డిగ్రీ లేక చేతికొచ్చిన ఉద్యోగం పోయింది. ఏడ్చాను. ఏడుపయ్యాక ఒళ్ళు మండింది. నీళ్ళ సంగతి కోనసీమ పిల్లకా చెప్పడం!

ఆయన గింజలూ, వేరే రకాల్లోంచి ఎండకు నిలిచేవని నేను ఏరుకున్న గింజలూ మూటకట్టుకుని కొత్తపేట దగ్గరున్న మా ఊరొచ్చేశాను. గోధుమ విత్తే అదను దాటనిచ్చి, కావాలనే ఆలస్యంగా జనవరిలో కాలవ పక్క మెరకలో రెండు మళ్ళు పక్కపక్కనే వేశాను. "కొబ్బరితోటల మధ్య గోధుమేంటమ్మా, బుర్ర గానీ తిరిగిందా?" అని ఊరంతా నవ్వింది. నాన్న మాత్రం రెండు మళ్ళకూ వేళ తప్పకుండా తడి పెట్టాడు.

ఏప్రిల్ మొదట్లో ఆయన బంధువుల పెళ్ళికని రాజమండ్రి వస్తున్నారని తెలిసి, మా ఇంటికి భోజనానికి రమ్మని బతిమాలాను. వచ్చారు. ముందు చేలోకి తీసుకెళ్ళాం. తన రకం వెన్ను తనే అరచేతిలో నలిపి ఊదారు. పొట్టుతో పాటు గింజలూ ఎగిరిపోయాయి. "నీళ్ళు..." అనబోయారు.

"వేసవికని కాలవ ఇంకా కట్టెయ్యలేదండీ మాస్టారూ. అదిగోనండి, పారతానే ఉంది," అన్నాడు నాన్న ఎంతో వినయంగా.

అసలు మర్యాద ఇంట్లో జరిగింది. ముందురోజే రెండు మళ్ళ గింజలూ విడివిడిగా ఆడించి ఉంచాను. "ఆయ్, మొహమాటపడకండి మాస్టారూ, మీ గోధుమేనండి," అంటూ అమ్మ ఆయన ఆకులో వడ్డించింది. నల్లగా, ముట్టుకుంటే విరిగిపోయే చపాతీలు, నిండా తవుడే. మా ఆకుల్లో నా గోధుమ చపాతీలు మెత్తగా పొంగి ఉన్నాయి. చాలంటే మా జిల్లాలో ఎవరికీ వినపడదు. మూడోదానికి ఆయన గొంతు పట్టేసింది. మంచినీళ్ళు అడిగారు.

గ్లాసు తెచ్చి ఆకు పక్కన పెట్టాను. దాని పక్కనే సంతకం చెయ్యాల్సిన కాగితం, పెన్ను పెట్టాను. "నీళ్ళు సరిపోతాయా సార్?" అని అడిగాను.

ఆయన నా మొహం చూడలేదు. చెయ్యి కడుక్కుని పెడతానన్నారు.

"ముందు భోజనం కానివ్వండి సార్," అని నాలుగో చపాతీ నేనే వేశాను. అది పూర్తిగా తిన్నాకే పెన్ను మూత తీసి ఇచ్చాను.